పదకొండో లోగో మీద గాడిద

మావయ్యకి,

నువ్వు కోపంగా తిప్పి పంపిన పదకొండో లోగో అందింది. నువ్వు పెడుతున్న కార్టూన్ల గ్యాలరీకి గుర్తు గీయమంటే బ్యాంకు ముద్ర గీశానన్నావు, సరే. పక్కన ఎర్రపెన్నుతో ఒక గాడిదని కూడా వేశావు. దానికి నా కళ్లద్దాలు, నా కొప్పు, ముందు కంప్యూటరు. కింద "మేనకోడలివి కదా అని పని అప్పజెప్పాను చూడు, నన్నే అనాలి" అని రాశావు. మా ఆఫీసంతా పడీపడీ నవ్వింది. టీ తాగుతున్న మేనేజరుకి పొలమారింది.

అందుకే పన్నెండోది గీయలేదు. ఆ గాడిదనే లోగో చేశాను. వెబ్‌సైటులో అదే, కార్డుల మీద అదే, గుమ్మం పైన బోర్డు కూడా వేయించేశాను. నువ్వు చిందులు తొక్కుతావని తెలుసు. తొక్కు.

వెబ్‌సైటులో నలభై ముగ్గురు కార్టూనిస్టులకి పేజీలున్నాయి, నీకు లేదు. గ్యాలరీ గోడల మీదా నీ బొమ్మ ఒక్కటీ లేదు. అడిగితే "చెయ్యి వణుకుతోందే, గీత నిలవదు" అని ఆరేళ్లుగా ఒకటే పాట. గాడిద చెవుల దగ్గర గీత వణికిన మాట నిజమే. అందుకే అవి కదులుతున్నట్టున్నాయి. కంప్యూటరులో నున్నగా సరిచేసి చూశాను, గాడిద చచ్చూరుకుంది. మళ్లీ నీ వణుకే పెట్టాను.

బోర్డు మీద డెక్కల కింద జానెడు చోటు వదిలించాను. ఆదివారం తలుపులు తెరిచేలోగా వచ్చి సంతకం పెట్టు. నిచ్చెన నేను గట్టిగా పట్టుకుంటాను. తన్నను.

ఇట్లు,
నీ గాడిద