ఏడో నంబరు గది

బాపట్ల,
మా అమ్మమ్మకు,

ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం నీకిష్టమొచ్చినట్టు వింటావు. అందుకే ఈ ఉత్తరం. సముద్రం ఒడ్డున నేను పనిచేసే సాగరవిలాస్ హోటల్ బాగుచేత పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలకు దీపాలు కనపడకుండా కిటికీ అద్దాలకు పూసిన నల్లరంగు గీకించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "ఏడో గది నాదే" అని నా చిన్నప్పటినుంచీ చెప్తున్నావు కదా. అది నమ్మి, ప్రారంభోత్సవానికి నిన్ను పాత అతిథిగా పిలుద్దామని మేనేజరు కరుణాకర్ గారికి గొప్పగా చెప్పాను. ఆయన పాత రిజిస్టర్లన్నీ తిరగేశారు. నీ పేరు లేదు, మీ అమ్మానాన్నల పేర్లూ లేవు. "మీ అమ్మమ్మగారు ఏ హోటల్ అనుకున్నారో అమ్మా" అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు రావద్దులే. కోపంతో కాదు, నిన్ను చూసి ఎవరైనా నవ్వితే నేను తట్టుకోలేను.

నీ కృప

రేపల్లె,
నా పిచ్చి కృపకు,

నా రాత కోడిగీతలే, కూడబలుక్కుని చదువుకో. అక్కడ అతిథిగా దిగానని ఎప్పుడన్నానే? గది నాదన్నాను, అంతే. యుద్ధానికి భయపడి రంగూన్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళతో ఆ హోటల్ నిండిపోయిందట. వరండాల్లో కూడా జనమే. పేర్లు రాసుకునే తీరిక ఎవరికీ లేదు. ఏడో గదిలో ఒకామె నన్ను కని, తన ఊరూ పేరూ చెప్పకుండానే కన్నుమూసింది. అక్కడ దుప్పట్లు ఉతికే రాహేలు నన్ను ఓ దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. మీరంతా ఎరిగిన మా అమ్మ ఆవిడే. నా పెళ్ళి ముందు ఈ సంగతి చెప్పి, ఎవరితోనూ అననని మాట తీసుకుంది. నేను తన బిడ్డను కానని లోకం అంటుందేమోనని ఆవిడ భయం. మీ తాతకు కూడా చెప్పలేదు. కన్నతల్లి పేరు తెలియదు గనక గది నంబరే చెప్పుకుంటూ బతికాను. నీకు అబద్ధంలా తోచినందుకు నొచ్చుకున్నాను, కానీ తప్పు నీది కాదు.

ఆ దుప్పటి ముక్క ఇందులో పెట్టాను. మూలన మాసిపోని సిరాతో వేసిన ఏడు అంకె ఉంది, కరుణాకర్ గారికి చూపించు. నాకు దండలూ సన్మానాలూ అక్కర్లేదు. నువ్వు వద్దన్నా శనివారం వస్తున్నాను, తెనాలిలో రైలు మారడం నాకు కొత్తా? అద్దాలు గీకించి మంచి పని చేశావు. నన్ను కన్నతల్లి ఆ నల్ల అద్దాల వెనకే పోయింది, సముద్రం చూడలేదు. ఆ కిటికీ దగ్గర నాకో కుర్చీ వేయించు.

నీ అమ్మమ్మ,
మాణిక్యమ్మ