అక్కకి రాయని రెండో మాత్ర

చెల్లీ,

మందుల షాపులో పనిచేసేదానివి, నీకేం, క్షేమంగానే ఉంటావు. సంగతికొస్తాను. గర్భసంచి, అండాశయాలు తీసేశాక ఒళ్ళంతా సెగలొస్తున్నాయని డాక్టరమ్మ నాకు ఈస్ట్రోజెన్ మాత్ర రాసింది కదా. పక్కింటి పాటల టీచరుకీ అవే సెగలు. ఆవిడకి ఆపరేషనేమీ కాలేదు, వయసు తెచ్చిన సెగలు. మరి ఆవిడకి రెండు రకాల మాత్రలు, నాకు ఒక్కటేనా! ఆసుపత్రిలో ఫ్యాను గురించి వాదించానని డాక్టరమ్మకి కోపమొచ్చిందంటావా? ఆ రెండోది ఏమిటో, నాకెందుకు లేదో రాయి. తెలిసేదాకా నేను కుడుతున్న బడి యూనిఫాంలకి కాలరు కుదరదు.

నీ అక్క

తా.క.: మీ బావ "ఒక్క మాత్రకే ఇన్ని ప్రశ్నలా, రెండోది రాస్తే నేను తట్టుకోలేను" అంటున్నారు.

---

అక్కకి నమస్కారాలు.

డాక్టరమ్మకి నీ మీద కక్షేమీ లేదు. ఆ రెండోది ప్రొజెస్టిరాన్. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే సంచి లోపలి పొర మందమై, ఒక్కోసారి కేన్సర్ దాకా పోవచ్చు. అలా కాకుండా ప్రొజెస్టిరాన్ కాపలా కాస్తుంది. నీకు సంచే లేదు. ఇల్లే లేనిచోట కాపలావాడెందుకు? హాయిగా ఒక్కటే వేసుకో.

నీ చెల్లెలు

తా.క.: బావని ఓపిక పట్టమను. నేను పుట్టినప్పట్నుంచీ పడుతున్నాను.

---

చెల్లీ,

ఎంత మాట రాశావే! నా చేతులు ఖాళీ లేక మీ బావని చదవమన్నాను. ఆయన కళ్ళకి జోడు లేదు, నా కుట్టుమిషను చప్పుడు ఆగదు. మొత్తానికి ఇద్దరికీ చేరిన ముక్క "ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే కేన్సర్". ఆయన నా మాత్రలు పట్టుకెళ్ళి ఎక్కడో దాచేశారు. సెగలు మళ్ళీ మొదలయ్యాయి. ఆ మంటలో ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టాను.

నా అవస్థ చూడలేక పాటల టీచరు తన రెండో మాత్రలు ఇచ్చేసింది. మధ్యాహ్నం ఒకటి వేసుకున్నానా, మిషను మీదే తల వాల్చి నిద్రపోయాను. యూనిఫాంల కోసం వచ్చిన బడివాళ్ళు తలుపు కొట్టి కొట్టి వెళ్ళిపోయారట. ఇంత మంచి మందు నాకెందుకు రాయలేదు?

నీ అక్క

తా.క.: టీచరు తన మాత్రలు నాకిచ్చి మానేసిందా, ఇప్పుడు ఆవిడకి రక్తస్రావం మొదలైంది. దీనికీ దానికీ సంబంధముందా?

---

అక్కా,

సంబంధముంది! దణ్ణం పెడతాను, ఒకరి మందు ఒకరు మింగకండి. టీచరుగారిని వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. ఆ మాత్రకి మత్తు వస్తుంది, అందుకే దాన్ని పడుకునేముందు వేసుకోమంటారు. నేను రాసింది గర్భసంచి ఉన్నవాళ్ళ సంగతి! బావని నీ మాత్రలు తిరిగిచ్చేయమను. ప్రొజెస్టిరాన్‌తో నీకు పని లేదు, ఇది ఖాయం.

నీ చెల్లెలు

తా.క.: రెండోది నాకెందుకు రాయలేదని డాక్టరమ్మని అడక్కు, నవ్వుతుంది.

---

చెల్లీ,

అడిగాను. నవ్వలేదు.

ముందు ఇద్దర్నీ బాగా తిట్టింది. టీచరుని పరీక్ష చేసి, భయం లేదు, మాత్రలు మానొద్దంది. తర్వాత నేను "ఆ రెండోది నాకెందుకు లేదమ్మా?" అన్నాను. నువ్వు చెప్పిందే చెప్పింది. సరే అని లేచి, "ఉత్త సందేహమేలెండి, ఇంకా అప్పుడప్పుడూ పొత్తికడుపులో మెలిపెడుతోంది కదా, అందుకని" అన్నాను.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఎప్పట్నుంచి? నాకెందుకు చెప్పలేదు?"

"మీరు సెగల గురించే అడిగారు కదండీ!"

సంచి లోపల ఉండాల్సిన పొరలాంటిదే నా పేగు పక్కన కూడా అతుక్కుని ఉందట. ఆపరేషన్‌లో అంతా తీయడం కుదరలేదట. ఒట్టి ఈస్ట్రోజెన్ దాన్ని మళ్ళీ లేపుతుందట. స్కానింగ్ తీసి చూస్తే అదే. అందరికీ అక్కర్లేదు గానీ నాలాంటివాళ్ళకి కావాలంటూ ప్రొజెస్టిరాన్ కూడా రాసింది. "ఆ రోజే నొప్పి సంగతి అడగాల్సింది, నాదే పొరపాటు" అంది. లేచినదాన్ని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. టీచరు నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు మెలిపెట్టడం తగ్గుతోంది. నువ్వు కంగారుపడకు.

నీ అక్క

తా.క.: మీ బావ డాక్టరమ్మని "మా ఆవిడ ప్రశ్నలు తగ్గడానికి ఏదైనా మందుందా?" అని అడిగారు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "ఉన్నా రాయను. మీరే రోజుకో ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి" అంది. అప్పట్నుంచి పొద్దున్నే నా మంచం పక్కన నిలబడి "నొప్పుందా?" అంటున్నారు. లేదంటే, "ఎందుకు లేదు?" అంటున్నారు.