మూడు శాతం అధ్యాయం

రిజ్వానా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు నీ పీహెచ్‌డీ గైడ్ మీ యూనివర్సిటీలో ఉపన్యాసం ఇస్తున్నాడని తెలిసి, ఇక్కడ సింగపూర్‌లో, పాయా లేబర్‌లోని మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లాను.

బడ్జెట్ లోటు మూడు శాతం దాటకూడదని యూరప్ కూటమి పెట్టిన నిబంధన గురించి మాట్లాడాడు. చిన్న దేశాలు భయపడి ఆసుపత్రుల ఖర్చు కోసుకుంటాయనీ, పెద్ద దేశాలు ఆ గీత దాటినా అడిగేవాళ్లుండరనీ చెప్పాడు. ఇప్పుడు పేపర్లలో వస్తున్నదీ అదే. అందరూ చప్పట్లు కొట్టారు. అదంతా నీ థీసిస్‌లోని ఒక అధ్యాయం. మన గదిలో జబ్బుతో మంచం మీద పడుకుని నువ్వు చెబుతుంటే నేను టైపు చేసింది. నీ పేరు ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచాను. ఆ అధ్యాయం ఫొటోకాపీ తీసి, ఆయన నీకోసం అంచున రాసిన మాటలు పైకి చదివాను. "ఇది పరిశోధన కాదు, ఊహ. తీసెయ్యండి." కింద ఉన్న తేదీ, సంతకం కూడా చదివాను.

బయట మెట్ల దగ్గర నన్ను ఆపి తెలుగులోకి దిగాడు.

"చూడమ్మా, అచ్చయ్యే వ్యాసం మీద ఆమె పేరూ నా పేరూ వేసేద్దాం. డీన్ దాకా ఇష్యూ చేయడం ఎందుకు?"

"పొద్దున్నే వెళ్లొచ్చాను సార్. ఒరిజినల్ డీన్ గారి దగ్గరే ఉంది" అన్నాను.

ఆయన మెట్ల మీద కూలబడి మంచినీళ్లు అడిగాడు. సీసా నా బ్యాగులోనే ఉంది, రిజ్వానా. ఇవ్వకుండా వచ్చేశాను.