ఇంటర్వ్యూకు పట్టుకెళ్ళిన శెనక్కాయలు

అమ్మా, నేను బాగున్నాను. ఫోను నాయన జేబులో ఉంటుంది కాబట్టి కార్డు రాస్తున్నాను. మల్లీశ్వరి పిన్ని చేత చదివించుకో, నాయనకు మాత్రం చూపించొద్దు.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో లెక్కలు రాసే పనికి ఇంటర్వ్యూకు వెళ్ళాను. వట్టి చేతులతో పోవద్దని నువ్వు వేయించి ఇచ్చిన శెనక్కాయల పొట్లం ఓనరు ముందు పెట్టాను. అప్పటికే ఆయన బల్ల నిండా అవే పొట్లాలు. వచ్చినవాళ్ళందరి అమ్మలూ అదే పని చేశారు.

"ఏమప్పా, నేనీడ జీన్స్ కుట్టల్లా, నూనె గానుగ పెట్టల్లా?" అన్నాడాయన. నా డిగ్రీ కాగితాలు పక్కకు జరిపి, మన కాయ ఒకటి ఒలిచి నోట్లో వేసుకున్నాడు. "ఇవి విత్తనానికి ఏరిపెట్టిన కాయలు గదప్పా. మీ నాయనకు తెల్సా?" అని అడిగాడు. ఉద్యోగం సంగతి తర్వాత చెబుతాడట.

నిజం చెప్పమ్మా, విత్తనం మూటలోంచే తీశావా? మిగిలినవైనా వేయించకుండా ఉంచు. నా తెల్ల చొక్కా ఎవరి చేతైనా పంపు. మేకకు కాలు నయమైందా?

నాయన మూట విప్పేలోపు ఉద్యోగం వస్తే, విత్తనం కొని నేనే నింపుతాను. అందాకా వాన రావద్దని మొక్కుకో. మన ఊళ్ళో ఆ మొక్కు తప్పకుండా తీరుతుంది.

నీ కొడుకు,
తిప్పేస్వామి