వాననీళ్ల డ్రమ్ము

నాయనా,

నువ్వు పోయిన రోజు నీ చెల్లెలు వాననీళ్ల డ్రమ్మును వంచేసింది. "నాయన ఆర్కిడ్ పూలచెట్టు కోసం పట్టినవి అత్తా, బోరు నీళ్ల ఉప్పు దానికి పడదు" అన్నాను. "సావైన ఇంట్లో నీళ్లు నిలవుండకూడదు పాపా" అనింది.

అప్పటినుంచి డ్రమ్ము బోర్లించే ఉండింది, చెట్టుకు బోరు నీళ్లే పోశాను. బుట్టలోంచి గాల్లో వేలాడే వేర్లు తెల్లగా ఉప్పు పట్టి, తర్వాత నల్లబడి కుళ్లాయి. మొగ్గలు విచ్చుకోకుండానే రాలాయి. పోయిన నెలలో ఆఖరి ఆకూ ఊడింది.

ఈరోజు నీ సంవత్సరీకం. వంటలు దించుతుండగా మన కళ్యాణదుర్గంలో ఈ ఏడాది తొలి వాన పడింది. అత్తే పరుగున పోయి డ్రమ్మును మిద్దె తూము కింద పెట్టింది. "మీ నాయన చెట్టు యాడుండాది పాపా?" అని అడిగింది. ఖాళీ బుట్ట చూపించాను.

డ్రమ్ము అంచుల దాకా నిండింది నాయనా. ఈసారి ఎవరూ పారబోయలేదు.