తడి వార్నిషు మీద వేలిముద్ర

లాల్‌దర్వాజా, ఖుర్దాద్ 12, 1350 ఫసలీ

ఇప్పుడే రాయకపోతే, పొద్దటికల్లా నా తప్పు లేదని నేనే నమ్ముత. అందుకే రాస్తున్న.

నవాబు సాబ్ మోటారు లోపల కిటికీల చుట్టూ ఉండే ఇనుప పట్టీలను రంగు వేయడానికి బాపు ఇంటికి తెచ్చిండు. రంగు వేస్తే ఇనుము టేకు కట్టెలెక్క కనపడాలె. నాలుగేండ్లు ఆ కట్టె గీతలు నేనే గీసిన. ఈసారి, నిరుడు మా ఇంటికి కోడలై వచ్చిన వదిన కోడి ఈకతో గీసింది.

బాపు పట్టీని వెలుగుకు పట్టి, "నిజం కట్టె అనుకొని చెదలు పడతయేమో చూడు బిడ్డా," అని వదినతోని అన్నడు. నా గీతలను చూసి ఒక్కనాడూ గిట్ల అనలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నప్పుడు, ఆరని వార్నిషు మీద నా బొటనవేలు ఒత్తిన.

సాయంత్రం బాపు ఆ మచ్చ చూసి వదిన దిక్కు తిరిగిండు. "ఏందమ్మా, సంతకం రాదని నవాబు మోటారు మీద కూడ వేలిముద్ర నిశాని వేసినవా? ఇగ ఈ పని ముట్టకు. చదువుకున్న మన పిల్ల చేస్తది."

వదిన నా బొటనవేలు దిక్కు చూసింది. గోరు అంచున వార్నిషు ఇంకా మెరుస్తున్నది.

"తప్పయింది మామా," అన్నది.

వదినా, నీకు చదువ రాదు. రేపు ఈ పేజీ బాపు ముందట నేనే చదివి వినిపిస్త. పట్టీలు పదిహేనో తారీకు పోవాలె. ఆ ఈక మళ్ల పడతవా? పక్కన నన్ను కూర్చోనిస్తవా? పద్నాలుగో తారీకు లోపల జవాబు చెప్పు.