అమ్మ చీరకి వచ్చిన స్టీలు డబ్బా

అక్కకి,

కువైట్ నుంచి నీ చెల్లెలు సత్యవతి దణ్ణం పెట్టి రాస్తున్న కబుర్లు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వు, బావగారు, దివ్య కూడా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? చెప్పుల్లేకుండా కొబ్బరితోటలోకి వెళ్లొద్దని నా మాటగా చెప్పు. నా గురించి బెంగ పెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను.

రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లకి ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఫోన్లో అయితే "సర్లేవే, అన్నం తిన్నావా" అని నువ్వు మాట మార్చేస్తావు, నేను ఏడ్చేస్తాను. కాగితం మీదైతే అడ్డం రాలేవు. తాటిపాక శాంతమ్మ సెలవు మీద వస్తోంది, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే వేణ్ణీళ్లే. దుమ్ముగాలి లేచిందంటే తుడిచిన చోటే మళ్లీ తుడవాలి. యజమానురాలిని మేం మామా అని పిలుస్తాం, ఆవిడ మంచిదే, కసురుతుంది గానీ కడుపు మాడ్చదు. వాళ్ల అన్నంలో మసాలా ఎక్కువ, కారం ఉండదు. నా మట్టుకు నన్ను చారు కాచుకోనిస్తుంది. చింతపండు అయిపోవచ్చింది. శాంతమ్మ తిరిగొచ్చేటప్పుడు కాస్త కొత్త చింతపండు, చల్లమిరపకాయలు పంపితే పంపు. పంపకపోయినా ఏమీ అనుకోను. ఇదివరకైతే గట్టిగా అడిగేదాన్ని.

అసలు సంగతికి వస్తాను. అమ్మ పోయినప్పుడు నా పాస్‌పోర్టు రెన్యువల్‌లో ఉండిపోయి రాలేకపోయాను. అమ్మని ఫోన్లోనే సాగనంపాను. "అటు తిప్పండి, చెల్లి చూడాలి" అని నువ్వు అరవడం నాకింకా చెవిలోనే ఉంది. ఆ రోజు నిన్ను ఒక్కటే అడిగాను. గొలుసు నువ్వే ఉంచుకో, ఇత్తడి సామానూ నువ్వే ఉంచుకో, ఆసుపత్రికి వెళ్లే ముందు అమ్మ విడిచిన ఆకుపచ్చ నేత చీర మాత్రం ఉతక్కుండా నాకు దాచు అన్నాను. "నీ మీద ఒట్టే సత్యా, నువ్వొచ్చేదాకా ఆ బీరువా తియ్యను" అన్నావు. ఆ ఒట్టు పట్టుకునే ఇన్నాళ్లూ నిద్రపోయాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కాస్త తీరిక దొరికి ఫోను తీశాను. దివ్య స్టేటస్‌లో వీడియో ఉంది. ఇంట్లో పాత సామాను ఖాళీ చేసుకోవడం అని ఏవో చూస్తోందిగా ఈ మధ్య. ఏడాదిగా వాడనిది ఇంట్లో ఉంచకూడదట. ఆ లెక్కన నేను నాలుగేళ్లుగా ఆ ఇంట్లో వాడకంలో లేను, నన్నెప్పుడు తీసేస్తారో మరి. వీడియోలో అమ్మ గది ముందెలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో చూపించింది. మంచం లేదు, బీరువా లేదు, గోడలకి తెల్లరంగు. శుభ్రంగానే ఉంది, కాదనను.

మధ్యలో మన అరుగు కనిపించింది. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆవిడ కూర్చుని, ఒక్కో చీరా వెలుగుకి ఎత్తి చిరుగులున్నాయేమో చూస్తోంది. ఆకుపచ్చ చీర ఎత్తింది. అమ్మ వక్కలు ముడేసుకుని ముడేసుకుని కొంగు మూల ముడుచుకుపోయి ఉండేది కదా, ఆ మూల పట్టుకుని లాగి సాపు చేసింది. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు. "ఇది మంచి నేతండీ, ఎక్కడా చిరగలేదు. దీనికి ఇంకోటి వెయ్యాలండి మీరు" అన్నావు. ఆవిడ "ఆయ్, అలాగేలెండి" అని ఒక డబ్బా తీసి పెట్టింది.

ఆ వీడియో మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అయినా మనసు ఒప్పుకోక ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేశాను. అమ్మ చీర జాగ్రత్తగా ఉందా అక్కా అని అడిగాను. అప్పుడైనా చెబుతావనుకున్నాను. "బీరువాలోనే ఉందే. కలరా ఉండలు కూడా వెయ్యలేదు, వాసన పోద్దని" అన్నావు.

ఉంది అని ఊరుకుంటే సరిపోయేది కదక్కా. కలరా ఉండల మాట ఎందుకు? అంత ముచ్చటగా, అంత ఓపిగ్గా అబద్ధం చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావు? "లోపల సిగ్నల్ రావట్లేదే" అని కొన్నాళ్లుగా వీడియో కాల్ అరుగు మీదకొచ్చి మాట్లాడుతున్నావు. నా కోసం బయటికొస్తోంది పాపం అనుకున్నాను. నా అంత వెర్రిబాగులది ఎక్కడా ఉండదు.

తర్వాత దివ్య ఫోన్ చేసింది. "పిన్నీ, నీకు కనపడకుండా పెడదామనుకుని మర్చిపోయేను, అమ్మతో అనకు" అంది. బతిమాలుతున్నట్టు "నీ వాటాగా ఒక డబ్బా ఉంచింది పిన్నీ, నీ పేరు కూడా కొట్టించింది" అంది. గిన్నెల మీద పేరు కొట్టించుకునేది ఎవరింటికి వెళ్లినా మనింటికి తిరిగి రావాలని. చీరకి ఆ వీలు లేకపోయింది. ఆ డబ్బా నువ్వే వాడుకో. నా పేరు గోడవైపు తిప్పి పెట్టుకో.

మామా ఏటా స్టోరు రూము ఖాళీ చేయిస్తుంది. కొత్త దుప్పట్లు కూడా వీధిలో పెట్టించేస్తుంది. అలాంటి మనిషి కూడా చచ్చిపోయిన వాళ్లమ్మ నల్లగౌను తలుపు వెనక తగిలించి, దాన్ని ముట్టుకోవద్దని నాతో చెప్పింది. శుక్రవారం నా మొహం చూసి ఏమైందని అడిగింది. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆ పూట గిన్నెలు తనే తోముకుంది.

అమ్మకి ఆఖర్న చేసింది నువ్వే. ఎత్తి కూర్చోబెట్టావు, ఒళ్లు తుడిచావు. ఆ గది తలుపు తియ్యాలంటే నీకు గుండె దడ వస్తోందని దివ్య చెప్పింది. నిజమే అయ్యుంటుంది. ఆ మాట నాతో అని ఉంటే ఇచ్చేయ్ అక్కా అనేదాన్నేమో. నాకు ఆ అవకాశం లేకుండా చేశావు. చీర పోయినదానికన్నా అదే ఎక్కువ బాధగా ఉంది. మొగుడు పోయిన దాన్ని, అమ్మ కూడా పోయాక నీ మాట ఒక్కటే నా ఇల్లు అనుకున్నాను.

అమ్మ సంవత్సరీకానికి మామా సెలవిచ్చింది, వస్తున్నాను. వంటలో సాయం చేస్తాను, భోజనాలకి ఉంటాను. పడుకోవడానికి మాత్రం రాజోలు పిన్ని ఇంటికి వెళ్తాను. సొంత అక్క ఇల్లుండగా అక్కడికెందుకని ఊళ్లో అడుగుతారు. ఏదో ఒకటి చెప్పు, అది నీకు చేతనవును.

బావగారికి నా నమస్కారాలు. పిన్నికి దణ్ణాలు. దివ్యకి నా ఆశీస్సులు, దాన్ని తిట్టకు, దాని తప్పేం లేదు.

ఒక్క మాట మాత్రం వినక్కా. నువ్వు నాకు తెలుసు. ఇది చదివి ఏడుస్తావు. తర్వాత బండారులంక వెళ్లి అచ్చం అలాంటి ఆకుపచ్చ చీరే కొంటావు. ఉతికి ఉతికి ఎండలో వెలిసేలా చేసి, కొంగుకి వక్కలు ముడేసి ఉంచి, వెతికితే దొరికిందే అని నా చేతిలో పెడతావు. ఆ పని చెయ్యకు. అమ్మని దగ్గరగా చూసి నాలుగేళ్లయింది. ఆ కొత్త చీర మొహానికి ఆనించుకుని, అమ్మదే అనుకుంటానేమోనని నాకు భయంగా ఉంది.

ఎంతైనా నీ దీవెన కోరే
నీ చెల్లెలు
సత్యవతి